కూర్మారావు గెలిచిన కేసు

అనకాపల్లి కోర్టులో కూర్మారావుకి పదిహేనేళ్ల అనుభవం ఉంది గాని, అన్నేళ్లలో ఒక్కనాడు కూడా అక్కడ కుర్చీలో కూర్చోలేదు. అతను ప్లీడరు సోమయాజులు గారి గుమాస్తా. కోర్టు హాల్లో కుర్చీలు ప్లీడర్లవి. గుమాస్తాలు వాళ్ల వెనకాల గోడకి ఆనుకుని, కేసుకట్టలు చంకలో పెట్టుకుని నిలబడాలి. అలాగని ఎక్కడా రాసిలేదు. రాసిలేని సంగతులని కోర్టువాళ్లు ఎంత నిష్ఠగా పాటిస్తారో తెలిసినవాడు గనక, కూర్మారావు ఎన్నడూ కుర్చీ జోలికి పోలేదు.

నిలబడగా నిలబడగా మోకాళ్లతో పాటు మనసు కూడా నొప్పెట్టడం మొదలెట్టింది. తను రాసిచ్చిన పాయింట్లని సోమయాజులు గారు చదువుతుంటే జడ్జి గారు తల ఊపడం చూసి మురిసిపోయే వయసు దాటిపోయింది. తనూ లా చదవాలి, నల్లకోటు వేసుకోవాలి, కూర్చోవాలి. కోరిక చిన్నదే గాని అతనికి అది ప్రాణం మీదికి వచ్చినంత గట్టిగా పట్టుకుంది. భార్య నూకరత్నం జాకెట్లు కుడుతుంటే ఆ మిషను పక్కనే కూర్చుని, దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేశాడు.

గురువు గారి దగ్గర అతను నేర్చిన విద్య ప్రధానంగా ఒకటే, వాయిదా. కేసు బాగా ఊరితేనే రుచి అని సోమయాజులు గారి నమ్మకం. అందుకని ప్రతి కట్టలోనూ అన్నిటికన్నా పైన ఒక వాయిదా మెమో ఉండాలి. ఆదివారం పూట కూర్చుని కూర్మారావు అవి తయారుచేసేవాడు. అయ్యగారు ముందే సంతకాలు పెట్టేసేవారు. కారణం దగ్గర మాత్రం ఖాళీ వదిలేవారు, అది హాల్లోకి వెళ్లాక అవసరాన్ని బట్టి నింపుకునేది. ఒకే కక్షిదారు మేనత్తని మూడుసార్లు చంపిన సందర్భం కూడా ఉంది. జడ్జి గారు మూడుసార్లూ విచారం వెలిబుచ్చారు.

లా కాలేజీలో చేరాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్ష పెట్టేది విశాఖపట్నంలో ఉన్న న్యాయవిద్యా ప్రవేశ మండలి. పరీక్ష జరిగేనాటికి అభ్యర్థికి ముప్పై అయిదేళ్లు నిండి ఉండకూడదని వాళ్ల నిబంధన. పరీక్ష వేసవి చివర్లో ఒక ఆదివారం. కూర్మారావుకి ముప్పై అయిదు నిండేది ఆషాఢమాసంలో. అంటే ఈ ఒక్కసారే. ఇది తప్పిపోతే జన్మంతా గోడే.

అప్పుడు కొందరు అభ్యర్థులు కలిసి మండలికి అర్జీ పెట్టుకున్నారు. అదే ఆదివారం బ్యాంకు ఉద్యోగాల పరీక్ష కూడా ఉందట, అందుకని దయతో లా పరీక్ష వాయిదా వెయ్యాలట. మరో ఆఫీసులో అయితే ఈ అర్జీకి అవుననో కాదనో టీ చల్లారేలోగా రాసేసేవారు. కాని ఇది న్యాయం నేర్పించే సంస్థ. దాని అధ్యక్షులు పరాంకుశం గారు విశ్రాంత జిల్లా న్యాయమూర్తి. రిటైరైన దగ్గర్నించి తీర్పు చెప్పడానికి ఏమీ దొరక్క, ఇంట్లో కూరలో ఉప్పు విషయంలో కూడా ఉభయ పక్షాల వాదనలూ వింటున్నారని చెప్పుకునేవారు.

మండలి సమావేశంలో ఆయన అన్న మాటలు మర్నాడు పేపర్లో పడ్డాయి. "న్యాయవిద్యకు ద్వారపాలకులమైన మనమే ఏకపక్షంగా వ్యవహరిస్తే సమాజానికి ఏమి సందేశమిచ్చినట్లు? ఈ నిర్ణయం వల్ల ప్రభావితులు కాగల ప్రతి ఒక్కరి వాదననూ సాకల్యంగా ఆలకించనిదే ఈ మండలి వాయిదా వేయదు, వేయకపోదు."

కింద ప్రకటన కూడా ఉంది. వాయిదాపై ఆక్షేపణలు ఉన్నవారు దాఖలు చేసుకోవచ్చు. కోర్టు ఎదుట టీకొట్టు దగ్గర అది చదివి కూర్మారావు టీ అక్కడే వదిలేశాడు. రాష్ట్రమంతటా అభ్యర్థులు వాయిదా కావాలన్నారు, లేదా ఏదైనా ఫరవాలేదన్నారు. వద్దన్నవాడు ఒక్క కూర్మారావే. అతని ఆక్షేపణ ఎంత పొందిగ్గా ఉందంటే, మండలి కార్యదర్శి త్రివిక్రమరావు దాన్ని తిరగేసి చూసి, కింద ప్లీడరు సంతకం లేదేమిటని ఆశ్చర్యపోయాడు.

సంగతంతా విని నూకరత్నం మిషను ఆపింది. "ఏటండీ, పరీచ్చ ఎప్పుడెట్టాలో సెప్పడానికి కూడా కోర్టెట్టాలేటి?"

"లా వాళ్లు గదే, అలగే ఉంటాది," అన్నాడు కూర్మారావు. కొంచెం గర్వంగానే అన్నాడు.

మొదటి విచారణనాటికి మండలి సమావేశపు హాలు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. పొడుగుబల్ల తీసేసి ఎత్తుగా వేదిక కట్టారు. దాని మీద పరాంకుశం గారికి, వెనక పలక తలని దాటిపోయే కుర్చీ. తలుపు దగ్గర బంట్రోతు, ఎర్ర పట్టీ, పేరుని ముమ్మారు పిలవడానికి మంచి గొంతు. ఇదంతా చూసి కూర్మారావుకి ధైర్యం వచ్చింది. ఇలాంటి చోట తను పుట్టి పెరిగినట్టే లెక్క.

తన పేరు పిలవగానే ముందుకొచ్చి, వాదన మొదలుపెట్టబోయాడు. అధ్యక్షులు చెయ్యెత్తి ఆపారు. ఆక్షేపణదారు న్యాయశాస్త్రం అభ్యసించినవారేనా అని అడిగారు. అభ్యసించడానికే వచ్చానండి అన్నాడు కూర్మారావు. అయితే అభ్యసించిన మీదట వాదించవచ్చునని, ఈలోగా అర్హుడైన న్యాయవాదిని నియమించుకోవాలని మండలి అభిప్రాయపడింది. ఎవరి కేసు వాళ్లు వాదించుకోవచ్చునని కూర్మారావుకి తెలుసు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. గుమాస్తాగా అలవాటైన నోరు తెరుచుకోలేదు. విచారణ పై వారానికి పడింది.

సోమయాజులు గారు ఎంతో సంబరపడ్డారు. "నీ దగ్గర ఫీజు తీసుకుంటే నాకు పుట్టగతులుంటాయిటోయ్? ఊరికే వాదిస్తాను. కట్ట తయారుచెయ్యి," అన్నారు. కూర్మారావు కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ ఆయన వెనకాల నిలబడింది వృథా పోలేదనిపించింది.

రెండో విచారణకి మండలి ప్రభావితుల సంగతి లోతుగా ఆలోచించింది. వాయిదా పడితే అభ్యర్థులు మాత్రమేనా నష్టపోయేది? పరీక్షా కేంద్రంగా తీసుకున్న కల్యాణమండపం యజమాని వచ్చి, ఆ తరవాతి ఆదివారాలన్నీ పెళ్లిళ్లకిచ్చేశానని, పెళ్లికూతుళ్లని కూడా పిలిపించి వినాలని కోరాడు. వాళ్లకీ నోటీసులు వెళ్లాయి. జిరాక్సు షాపుల సంఘం వాళ్లు వచ్చారు. కోచింగు సెంటరు నడిపే ఫణీంద్ర గారు తన పిల్లలకి ఇంకా రెండు సబ్జెక్టులు మొదలే పెట్టలేదని, ఇది తన తప్పు కాదని, కాలం తప్పని వాదించారు. పరీక్ష వెనక్కి జరిగితే దరఖాస్తు గడువు కూడా పెరగవచ్చు గనక, ఇంకా దరఖాస్తు చెయ్యాలని తోచనివారు సైతం ప్రభావితులేనని కార్యదర్శి కనిపెట్టాడు. అట్టివారు ఎవరో వారికే తెలియదు గనక, వారందరికీ పేపరు ద్వారా నోటీసు ఇచ్చారు.

అన్నిటికన్నా చిక్కు ప్రశ్నపత్రం తయారుచేసిన ప్రొఫెసరుతో వచ్చింది. ఆలస్యమైతే వర్తమాన వ్యవహారాల ప్రశ్నలు పాతబడతాయి గనక ఆయనా ప్రభావితుడే. కాని ఆయనెవరో బయటపడకూడదు. అందుకని తెర కట్టి, తెర వెనక కూర్చోబెట్టి విన్నారు. గొంతు గుర్తుపట్టకుండా ఆయన చెప్పింది బంట్రోతు ఇవతలికి వచ్చి అరిచి చెప్పేవాడు. ప్రొఫెసరు గారు దగ్గగానే హాల్లో సగంమంది లేచి నమస్కారం పెట్టారు, వాళ్లంతా ఆయన శిష్యులు. ఆ దగ్గు రికార్డుల్లోకి ఎక్కరాదని అధ్యక్షులు ఆదేశించారు.

ఇంతలో పరీక్ష రోజు దగ్గరపడింది. విచారణ తేలేదాకా స్టే కావాలన్నారు ఫణీంద్ర గారి ప్లీడరు. స్టే ఇస్తే వాయిదా వేసినట్టే, అది అసలు వివాదమే గదా అన్నారు సోమయాజులు గారు, కూర్మారావు వెనకనుంచి అందించిన చీటీ చూసి. పరాంకుశం గారు కళ్లు మూసుకుని ఆలోచించి, ఉభయులకూ అన్యాయం జరగని ఉత్తర్వు ఇచ్చారు. అంతిమ నిర్ణయం వెలువడేదాకా యథాతథ స్థితి కొనసాగవలెను. పరీక్ష నిర్వహించరాదు, వాయిదా వేయనూరాదు.

కార్యదర్శి త్రివిక్రమరావు కొంచెం భయస్తుడు. లేచి చేతులు కట్టుకుని, అయితే ఆదివారం నాడు ఏం చెయ్యమంటారని అడిగాడు. ఉత్తర్వు స్వయంస్పష్టంగా ఉన్నదని అధ్యక్షులు లోపలికి వెళ్లిపోయారు.

ఆదివారం పొద్దున్నే కూర్మారావు పరీక్షా కేంద్రానికి వెళ్లాడు. వాయిదా పడలేదు గనక గేట్లు తెరిచారు. హాలు టిక్కెట్లు చూశారు, వేలిముద్రలు తీసుకున్నారు, నంబర్ల ప్రకారం కూర్చోబెట్టారు. గంట కొట్టారు. పరీక్ష నిర్వహించరాదు గనక ప్రశ్నపత్రం ఇవ్వలేదు. అభ్యర్థులు కాసేపు బల్లలకేసి, కాసేపు ఇన్విజిలేటర్లకేసి చూశారు. పక్కవాడి బల్లకేసి చూసిన ఒక కుర్రాణ్ణి ఇన్విజిలేటరు గట్టిగా మందలించాడు. బయటికి పోతానన్న ఒకావిణ్ణి, సగం టైము గడవకుండా పోనిచ్చేది లేదన్నారు. మంచినీళ్లు ఇచ్చారు. ఆఖరి గంట కొట్టాక అందరూ లేచి ఇళ్లకి పోయారు.

అందరూ తిట్టుకుంటూ పోయారు గాని, కూర్మారావు మొహం వెలిగిపోతోంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తుంటే అతనికి మెరుపులాంటి పాయింటు తట్టింది. గంట కొట్టారు. హాజరు తీసుకున్నారు. అంటే పరీక్ష ఈ రోజే మొదలైంది, ముగియలేదంతే. మొదలైన నాటికి తనకి వయసుంది. ఇక ఎప్పుడు ముగిసినా అది ఈనాటి పరీక్షే. ఇంటికెళ్లి అన్నం తినకుండా రాయడానికి కూర్చున్నాడు. చదివి వినిపిస్తే నూకరత్నానికి సగం అర్థమైంది.

"ఇదే గనక ఒప్పుకుంటే మీరు గెలిసీసినట్టేనా?"

"పుట్టినరోజు లోపల తీర్పొచ్చి, పరీక్ష పెట్టేస్తే ఇంక ఏ గొడవా లేదు. ఆలీసమైనా ఈ పాయింటుంది."

"అయితే పుట్టినరోజుకి ముందే సెప్పీమనండి," అంది నూకరత్నం. ఆవిడ తెలివితేటలు కోర్టుకి పనికొచ్చే రకం కాదు.

ఆఖరి విచారణ ఆషాఢంలో పడింది. కూర్మారావు పుట్టినరోజుకి ఇంకా రెండు వారాలుంది. ఆ రోజు అన్నీ కలిసొచ్చాయి. పెళ్లికూతుళ్లు అప్పటికే పెళ్లిళ్లు అయిపోయి, ఆషాఢానికి పుట్టిళ్లకి వచ్చి, మాకేం అభ్యంతరం లేదని కబురు పంపించారు. బ్యాంకు పరీక్ష అయిపోయింది గనక అర్జీదారులు మొహం చాటేశారు. ఫణీంద్ర గారు సబ్జెక్టులు పూర్తి చేసేసి, ఇప్పుడు పరీక్ష తొందరగా పెడితేనే నయమంటున్నారు. ఆయన ప్లీడరు లేచి, తాము చెప్పుకునేది ఏమీ లేదని కూర్చున్నాడు. తెర కూడా తీసేశారు.

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. ఆక్షేపణదారు లిఖితపూర్వకంగా సమర్పించిన వాదనను తాము స్వయంగా చదివామని, అది మిక్కిలి బరువైనదని, ప్రతిపక్షం నుంచి అడ్డు లేదు గనక ఈ క్షణమే ఈ ఆసనం మీదినుంచే తీర్పు చెప్పి, వచ్చే ఆదివారమే పరీక్ష జరిపించగలమని సెలవిచ్చారు. ఆక్షేపణదారు న్యాయవాది లాంఛనంగా ఒక్క మాట చెబితే చాలునన్నారు.

గోడకి ఆనుకుని నిలబడ్డ కూర్మారావు నిటారుగా అయ్యాడు. సోమయాజులు గారు లేచారు. కోటు సర్దుకున్నారు. ముప్పయ్యేళ్లుగా ఎలా చేస్తున్నారో అలాగే, ఎడంచేత్తో కట్ట విప్పి, కుడిచేత్తో పైకాగితం తీసి, చూడకుండానే బంట్రోతుకి అందించారు. "సమయం కోరుతున్నాను," అన్నారు.

ఆ కట్ట కట్టింది కూర్మారావే. బరువైన వాదన, దాని మీద హాజరు నకలు, దాని మీద హాలు టిక్కెట్టు, అన్నిటికన్నా పైన వాయిదా మెమో. అతను పెట్టాలని పెట్టలేదు. చేతులు పెట్టేశాయి. అది బంట్రోతు చేతిలోంచి వేదిక ఎక్కుతుంటే చూశాడు. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ముందుకి వంగి అయ్యగారి కోటు పట్టుకుని లాగాడు.

"అయ్యా, అది కాదండి. వద్దండి," అన్నాడు. ఆ మాట అతనికే వినపడలేదు.

సోమయాజులు గారికి ఆ లాగుడు కొత్త కాదు. కారణం నింపడం మరిచిపోయారని గుమాస్తా గుర్తుచేస్తున్నాడనుకున్నారు. వెనక్కి తిరిగి అతని మొహం చూశారు. ఆ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆయనకి కారణం దొరికింది. "నా గుమాస్తాకు తీవ్ర అస్వస్థతగా ఉన్నందున," అని పూర్తి చేశారు.

పరాంకుశం గారు కళ్లజోడు పైకెత్తి కూర్మారావుకేసి చూశారు. పాలిపోయి, చెమటలు కక్కుతూ, గోడ పట్టుకుని ఉన్నాడు. ఇన్నేళ్ల తన అనుభవంలో వాయిదా మెమోలో రాసిన కారణం నిజం కావడం ఇదే మొదటిసారని ఆయన చలించిపోయారు. వెంటనే వాయిదా మంజూరు చేశారు. అస్వస్థుడు పూర్తిగా కోలుకోవాలని ఉదారంగా పై నెలకి వేశారు. మండలి తరఫున ఒక సోడా కూడా తెప్పించారు.

పుట్టినరోజునాడు నూకరత్నం సేమ్యా పాయసం చేసింది. కూర్మారావు తినలేదు. మిషను పక్కన కూర్చుని గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. తన చేతుల్ని తిట్టుకున్నాడు, అయ్యగారిని తిట్టుకోబోయి మానేశాడు, ఆఖరికి ఏడ్చేశాడు. ఇంకా ఆ మొదలైన పరీక్ష పాయింటు ఉందని నూకరత్నం గుర్తుచేసింది. అతను కళ్లు తుడుచుకున్నాడు.

శ్రావణంలో తీర్పు వచ్చింది. చదవడానికి పొద్దున్నించి భోజనాల వేళదాకా పట్టింది. ఆక్షేపణదారు లేవనెత్తిన ప్రతి అంశాన్నీ మండలి ఆమోదించింది. పరీక్షను వాయిదా వెయ్యడం న్యాయవిరుద్ధం. కావున పరీక్ష వాయిదా పడలేదు. ప్రకటించిన ఆదివారంనాడే పరీక్ష విధ్యుక్తంగా ప్రారంభమైంది. ప్రశ్నపత్రం ఇచ్చే ఘట్టం మాత్రమే మిగిలి ఉంది, అది రాబోయే ఆదివారం జరుగుతుంది, సకల ప్రయోజనాలకూ ఆ ఆదివారం ఈ ఆదివారమే అని భావించవలెను. కూర్మారావు రెండు చేతులూ జోడించాడు. పరాంకుశం గారు ఆఖరి పేరా చదివారు. వయస్సు మాత్రం ప్రకృతి ధర్మం గనక, దానిని ఆ తొలి ఆదివారం దగ్గర నిలిపి ఉంచు అధికారం ఈ మండలి పరిధిలో లేదు. ఈనాటికి ముప్పై అయిదేళ్లు నిండినవారు హాజరు కానక్కరలేదు. ఆక్షేపణ సంపూర్ణంగా అనుమతించడమైనది.

అందరూ వచ్చి కూర్మారావు చెయ్యి పట్టుకుని ఊపారు. ఫణీంద్ర గారు కూడా ఊపారు. మండలి మీద గెలిచినవాడు ఇతనొక్కడేనని పేపరువాళ్లు ఫోటో తీశారు. సోమయాజులు గారు అతని భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగుతూ, ఆఖరి పేరా తనకి సరిగ్గా వినపడలేదన్నారు.

"నీకు వయసు ఎప్పుడు నిండిందోయ్?"

"పోయిన నెల్లోనండి. తమరు టైము అడిగిన తరవాత."

సోమయాజులు గారు మెట్టు మీద ఆగిపోయారు. నిజంగానే బాధపడ్డారు. "అయ్యో, నాతో ఒక్క మాట చెప్పకపోయావా," అన్నారు. ఇంకో రెండు మెట్లు దిగాక, అప్పీలు చేద్దాం, కట్ట తయారుచెయ్యి అన్నారు. కూర్మారావు సరేనండి అన్నాడు.

పరీక్ష జరిగిన ఆదివారం అతనికి విశాఖపట్నంలో ఏ పనీ లేదు. అయినా పొద్దున్నే బట్టలు మార్చుకున్నాడు. వానొస్తాదేమో గొడుగట్టుకెళ్లండి అంది నూకరత్నం. కల్యాణమండపం గేటు ఎదుట, అభ్యర్థుల తల్లిదండ్రుల మధ్య నిలబడ్డాడు. ఎవరో పెద్దాయన, మీ అమ్మాయా అబ్బాయా అని అడిగాడు. కూర్మారావు గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆఖరి గంట కొట్టాక పిల్లలు బిలబిలమంటూ బయటికొచ్చారు. ఈసారి కాగితాలు ఇచ్చారు. వర్తమాన వ్యవహారాలు పాతబడిపోవడంతో ప్రొఫెసరు గారు ప్రశ్నలు కొత్తగా రాశారట. గేటు దగ్గరే నలుగురైదుగురు ఒక ప్రశ్న గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. కూర్మారావు వర్సెస్ ప్రవేశ మండలి అనే కేసులో గెలిచినదెవరు? అందరూ కూర్మారావేనంటున్నారు. రెండు జడల అమ్మాయి ఒకతి మాత్రం తెల్లమొహం వేసుకుని పక్కకి వచ్చింది. గొడుగు పట్టుకున్న ఈయన్ని చూసి, పెద్దవాడు, తెలిసినవాడిలా ఉన్నాడనుకుంది కాబోలు.

"సర్, ఆ కేసు గురించి మీకు తెలుసాండీ?"

"కొంచెం తెలుసమ్మా. నువ్వేటి పెట్టావు?"

"కూర్మారావు ఓడిపోయాడని పెట్టానండీ. ఆఖరి పేరా చదివితే నాకు అలాగే అనిపించింది. అందరూ తప్పంటున్నారు. ఒక్క మార్కులో సీటు పోతుందేమో." ఆ పిల్ల ఏడుపు ఆపుకుంటోంది. "తప్పేనంటారా?"

ఈ కేసు మొత్తంలో తన పక్షాన నిలబడ్డ మనిషి కూర్మారావుకి ఇప్పటికి కనిపించింది. అవునమ్మా, నువ్వు రాసిందే నిజం అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది. కాని ఆ పిల్లకి వచ్చే ఏడు కూడా పరీక్ష ఉంది.

"తప్పేనమ్మా," అన్నాడు. "ప్లీడరవ్వాలంటే గెలిచాడనే పెట్టాలి."